ఆశ్రమంలోని పెద్దల సొమ్ముకు అండ ఎవరు?

(చిలకలపూడిలో మసీదు కమిటీల బాధ్యులు, మహిళలు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈనాడు నాకు అప్పగించిన అంశం నలుగురిలో మాట్లాడడానికి మనం ఇష్టపడనిది. వృద్ధాశ్రమాలలో ఉంటున్న పెద్దల డబ్బు, నగలు, ఇళ్ళు వారి చేతుల నుండి ఏ విధంగా జారిపోతున్నాయి, దానిని ఎలా గుర్తించాలి, గుర్తించిన పిదప ఏమి చేయాలి అన్నది ఆ అంశం. ఇంగ్లీషు పుస్తకాలలో దీనిని నర్సింగ్ హోముల సమస్యగా రాస్తారు. మన బందరులో నర్సింగ్ హోమ్ అంటే ఆసుపత్రి. కనుక ఆ మాట వదిలి, ఆశ్రమాలలో ఉన్నవారిని గురించి, అలాగే ఇంట్లోనే ఒక గదిలో పరుల సేవ మీద ఆధారపడి బతుకుతున్నవారిని గురించి మాట్లాడతాను. గోడలు వేరైనా ఇద్దరి స్థితి ఒక్కటే. తన డబ్బు తాను వెళ్ళి తెచ్చుకోలేకపోవడం, దానికోసం మరొకరి చేయి పట్టుకోవలసి రావడం ఇద్దరికీ ఉన్నదే.

"మన ముస్లిములలో తల్లిదండ్రులను ఆశ్రమాలలో చేర్చేవారు ఎవరున్నారు?" అని కొందరు అడుగుతారు. ఆ మాట సగర్వంగా చెప్పుకొనే కాలం దాటిపోయింది. కొడుకు కువైట్‌లో, కూతురు హైదరాబాదులో, కోడలు పిల్లల చదువుకోసం విజయవాడలో ఉన్న ఇళ్ళు బందరులోను, గుడివాడలోను ఉన్నాయి. పిల్లలు లేని వితంతువులున్నారు. వారు ఎక్కడో ఒకచోట ఉండాలి. అందులో సిగ్గుపడవలసినది లేదు. మనం సిగ్గుతో దాచిపెడితే జరిగేది ఏమిటంటే, ఆశ్రమంలో ఉన్న ఆ నానీ దగ్గరకు ఎవరూ వెళ్ళరు. ఎవరూ వెళ్ళని చోట లెక్క అడిగేవారు ఉండరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వివిధ దేశాల అధ్యయనాలను క్రోడీకరించి ప్రకటించిన అంచనాలలో, ఇళ్ళలో ఉండే వృద్ధులలో సుమారు 7 శాతం మంది ఆర్థిక దోపిడీకి గురైనట్లు చెప్పగా, సంస్థలలో నివసించే వృద్ధులలో ఆ సంఖ్య సుమారు 14 శాతం ఉన్నది. అంటే రెట్టింపు. ఇవి చెప్పగలిగినవారి లెక్కలు మాత్రమే. మతిమరుపు వచ్చినవారు, మాట పడిపోయినవారు ఇందులో ఎందరు చేరగలరో మీరే ఆలోచించండి.

ఇక గుర్తుల సంగతి. ఈ ఊరిలో నిలబడి మాట్లాడుతున్నాను కనుక నగలతోనే మొదలుపెడతాను. చిలకలపూడి బంగారం అంటే ఏమిటో తెలుగు దేశమంతటికీ తెలుసు. రాగి మీద, ఇత్తడి మీద పూత వేసి అసలు బంగారమే తలవంచుకొనేలా నగ చేయగల పనివారు ఇక్కడ ఉన్నారు. పోతేపల్లి పార్కులో ఆ పని పెద్ద పరిశ్రమగా సాగుతున్నది. మన కుటుంబాలు ఎన్నో ఆ పని మీద బతుకుతున్నాయి. ఆ పనితనాన్ని నేను తక్కువ చేయడం లేదు. అయితే అంత చక్కని నకలు ఇంత చవకగా దొరికేచోట, చూపు మందగించిన వృద్ధురాలి చేతి గాజులు ఒక మధ్యాహ్నంలో మారిపోవచ్చు. ఆమెకు తెలియదు. చూడడానికి వచ్చిన కూతురికీ తెలియదు, గాజులు చేతికే ఉన్నాయి కదా. తెలుసుకోవడానికి గీటురాయి అక్కరలేదు. అదే పరిమాణంలో రాగి బరువు ఇరవై రెండు క్యారెట్ల బంగారం బరువులో ఇంచుమించు సగమే ఉంటుంది. పెద్దలను ఆశ్రమంలో చేర్చే రోజున ప్రతి నగను తూకం వేయించి, ఫోటో తీయించి, జాబితా మీద ఆశ్రమం వారి సంతకం, కుటుంబం తరఫున ఒకరి సంతకం పెట్టించి, ఒక ప్రతి ఆ పెద్దల దగ్గరే ఉంచాలి. ఆరు నెలలకొకసారి మళ్ళీ తూయించండి. మెహర్‌గా వచ్చిన నగ అయితే మరీ జాగ్రత్త అవసరం. అది భార్యకు చెందిన హక్కు, భర్త గాని కొడుకు గాని దయతో ఇచ్చినది కాదు.

నగల తరువాత పింఛను. ఎన్టీఆర్ భరోసా కింద 2024 జూలై నుండి వృద్ధులకు, వితంతువులకు నెలకు 4000 రూపాయలు ఇస్తున్నారు. పూర్తిగా మంచానపడినవారికి 15,000 రూపాయలు. సచివాలయ సిబ్బంది వారున్న చోటికే వచ్చి, వేలిముద్రనో ముఖాన్నో సరిచూసుకొని నగదు చేతికి ఇస్తారు. ఏర్పాటు మంచిదే. కానీ యంత్రం చూసేది వేలిని మాత్రమే. సిబ్బంది గడప దాటిన తరువాత ఆ నోట్లు ఎవరి జేబులోకి వెళ్ళాయో యంత్రానికి తెలియదు. ఆశ్రమం ఆ సొమ్ము ఖర్చులకింద తీసుకోవచ్చు, అది తప్పు కాదు. అయితే అలా తీసుకుంటున్నామని ముందే కాగితం మీద రాసి ఉండాలి, ఆమెకు అర్థమై ఒప్పుకొని ఉండాలి, నెలనెలా రసీదు ఇవ్వాలి. ఇవేవీ లేకుండా "అంతా మేమే చూసుకుంటున్నాం" అన్న ఒక్క మాటతో సరిపెడుతున్నారంటే అక్కడ ఆగి అడగవలసిందే.

బ్యాంకు కార్డు సంగతి ఇంకా తేలికగా జరిగిపోతుంది. కార్డు మీద నాలుగంకెలు రాసి కొడుకుకో, మనుమడికో, ఆశ్రమంలో పనిచేసే కుర్రవానికో ఇచ్చేస్తారు. పాసుపుస్తకం తీసి చూడండి. నెలంతా మంచం దిగని మనిషి ఖాతాలో రాత్రి పదకొండు గంటలకు ఏటీఎం నుండి డబ్బు తీసినట్లు ఉంటే అది ఎవరు తీశారు? నిన్నటిదాకా ఉన్న నామినీ పేరు హఠాత్తుగా ఎందుకు మారింది? కఫన్ కోసం, హజ్ కోసం ఏళ్ళ తరబడి దాచిన డిపాజిట్ గడువు తీరకుండా ఎందుకు రద్దయింది? మందుల షాపు వారు బాకీ అని ఎందుకు చెబుతున్నారు? ఒకప్పుడు ఈద్ వస్తే పిల్లలకు పది రూపాయలైనా ఈదీ ఇచ్చే మనిషి ఈ ఏడాది చేతులు వెనక్కి పెట్టుకున్నదంటే ఎందుకు? నా దృష్టిలో ఈ చివరి గుర్తు పాసుపుస్తకంకంటె ముందే మాట్లాడుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. పెద్దలు తమ డబ్బు తమ ఇష్టప్రకారం ఇవ్వడానికి పూర్తి హక్కు ఉన్నవారు. నానీ తన పింఛనులో వెయ్యి రూపాయలు మనుమని ఫీజుకు ఇస్తే అది దోపిడీ కాదు. ఆశ్రమంలో తనకు స్నానం చేయించే అమ్మాయికి పండుగకు చీర కొనిపెట్టినా కాదు. అది మనకు నచ్చకపోయినా ఆమె నిర్ణయమే. రక్షణ పేరు చెప్పి ఆమె డబ్బు మీద మరొక కాపలాదారును కూర్చోబెట్టడం మొదటి దోపిడీకి తోబుట్టువే. నేను చూసేది రెండే. ఇచ్చిన సంగతి ఆమెకు తెలుసా? వద్దు అనగలిగే స్థితిలో ఆమె ఉన్నదా?

ఆ రెండవ ప్రశ్న దగ్గరే మన సమాజానికి ప్రత్యేకమైన ఒక చిక్కు ఉన్నది. మన పెద్దలలో చాలామంది, ముఖ్యంగా స్త్రీలు, ఉర్దూ మాట్లాడతారు, కొందరు అరబీలో ఖుర్ఆన్ చదువుతారు, తెలుగు చదవలేరు. దస్తావేజు తెలుగులో ఉంటుంది, బ్యాంకు కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. కింద వేలిముద్ర. ఏమి రాసి ఉందో చెప్పినది ఎవరు? లాభం పొందేవాడే. మన న్యాయస్థానాలు బ్రిటిష్ కాలం నుండి ఒక సూత్రం పాటిస్తున్నాయి. పరదా స్త్రీ వేలిముద్ర వేసిన పత్రం చెల్లాలంటే, అందులోని విషయం ఆమెకు అర్థమయ్యేలా చెప్పారని, ఆమె స్వేచ్ఛగానే వేసిందని లాభం పొందినవాడే రుజువు చేయాలి. 1872 కాంట్రాక్టు చట్టం 16వ సెక్షన్ కూడా, ఒకరి మనసు మీద పట్టున్న మనిషి ఆ పట్టుతో అన్యాయమైన లాభం పొందడాన్ని అనుచిత ప్రభావం అంటున్నది. వయసు, రోగం వల్ల మనసు బలహీనపడినవారితో చేసుకున్న ఒప్పందాలను ఆ సెక్షన్ విడిగా పేర్కొన్నది. కనుక "వేలిముద్ర పడిపోయింది, ఇక చేసేదేమీ లేదు" అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇక ఇల్లు. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడనివ్వండి, ఎందుకంటే చాలామంది ఆశ్రమం దారి పట్టేది ఇల్లు చేయిజారిన తరువాతనే.

మన షరీఅత్ చట్టంలో హిబాకు మూడు అంగాలు ఉన్నాయి. ఇస్తున్నానని ప్రకటించడం, పుచ్చుకొనేవాడు అంగీకరించడం, స్వాధీనం అప్పగించడం. దీనికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఆస్తి బదిలీ చట్టం 129వ సెక్షన్ ఆ వెసులుబాటు ఇచ్చింది. మన ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళిన హఫీజా బీబీ కేసులో 2011లో సుప్రీంకోర్టు దానిని మళ్ళీ స్పష్టం చేసింది. మూడు అంగాలు ఉంటే నోటిమాట హిబా కూడా చెల్లుతుందని, దానిని కాగితం మీద రాసినంత మాత్రాన రిజిస్టర్ చేయనవసరం లేదని చెప్పింది. మన వ్యక్తిగత చట్టానికి దక్కిన ఈ గుర్తింపును మనం విలువైనదిగానే భావిస్తాము. నేనూ భావిస్తాను. కానీ దాని రెండవ వైపు కూడా చూడాలి.

హనఫీ న్యాయం ప్రకారం తల్లి తన కొడుక్కో కూతురికో హిబా చేసి స్వాధీనం ఇచ్చిన తరువాత దానిని వెనక్కి తీసుకొనే వీలు లేదు. తల్లి, కొడుకు ఒకే ఇంట్లో ఉంటున్నప్పుడు ఆమె బయటకు వెళ్ళి తాళం చెవులు ఇవ్వవలసిన పని కూడా లేదు. ఇచ్చానన్న ఉద్దేశాన్ని తెలియజేసే చర్య ఏదైనా ఉంటే చాలు. "నేను ఆ ఇంట్లోనే ఉన్నాను కదా, హిబా ఎలా చెల్లుతుంది?" అని ధైర్యంగా కూర్చొన్న అమ్మీకి ఆ ధైర్యం నిలవకపోవచ్చు. ఆపై రెండేళ్ళకు కోడలికి ఉద్యోగం, మనుమలకు గది కావాలి, అమ్మీకి "మంచి ఆశ్రమం" చూశాము అంటారు.

ఇలాంటి వారికోసమే 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. మతభేదం లేకుండా అరవై ఏళ్ళు నిండిన ప్రతి భారత పౌరునికి అది వర్తిస్తుంది. దాని 23వ సెక్షన్ ఏమంటున్నదంటే, కనీస అవసరాలు చూడాలనే షరతు మీద ఒక వృద్ధుడు ఆస్తిని దానంగా గాని మరోవిధంగా గాని ఇచ్చినప్పుడు, పుచ్చుకొన్నవాడు ఆ షరతు తప్పితే, ఆ బదిలీని మోసంతోనో బలవంతంతోనో జరిగినదిగా భావించి ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు. పుచ్చుకొన్నవాడు కొడుకే కానవసరం లేదు. అన్నదమ్ముడు కావచ్చు, ఆశ్రమ నిర్వాహకుడు కావచ్చు. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను వృద్ధులకు అనుకూలంగా విశాల దృష్టితో చదవాలని చెప్పి, ఆమె దానపత్రాన్ని రద్దుచేసి ఇల్లు ఆమెకు అప్పగించమన్నది. అక్కడ తల్లిని చూసుకుంటానని కొడుకు ఇచ్చిన హామీ కాగితం మీద ఉన్నది. అంతకు ముందు 2022 డిసెంబరులో మరొక తల్లి అదే సుప్రీంకోర్టులో ఓడిపోయింది. ఆమె బదిలీలో అలాంటి షరతు ఉన్నట్లు ఆధారం లేదు.

ఈ రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి మన నోటిమాట హిబాను చూడండి. అందులో షరతు ఎక్కడ ఉంటుంది? గాలిలో. చట్టం మనకిచ్చిన సౌలభ్యం మన పెద్దలను ఆధారం లేనివారిని చేస్తున్నది. కనుక నా సలహా సూటిగా చెబుతాను. అవసరం లేకపోయినా రాయించండి, రిజిస్టర్ చేయించండి. "నా తిండి, బట్ట, వైద్యం, ఈ ఇంట్లో నా నివాసం నా జీవితాంతం చూడాలన్న షరతు మీద ఇస్తున్నాను" అన్న వాక్యం అందులో ఉండాలి. హిబాకు షరతు పెట్టవచ్చునా అని ఉలమాలలో చర్చ ఉన్న మాట నిజమే. ఈ చట్టంలోని 3వ సెక్షన్, దీనికి విరుద్ధంగా ఉన్న ఇతర చట్టాలపై దీనికే పైచేయి ఇచ్చింది. ఇంకా నన్నడిగితే, బతికుండగా ఇల్లు ఇవ్వకండి. విరాసత్‌లో ఎవరి వాటా ఎంతో దైవగ్రంథమే నిర్ణయించి పెట్టింది, తొందర దేనికి?

రుణాల ఆయత్‌లో, చెప్పి రాయించలేని బలహీనుని తరఫున అతని సంరక్షకుడు న్యాయంగా రాయించాలని, సాక్షులు ఉండాలని ఆజ్ఞ ఉన్నది. అనాథల సొమ్ము వారికి అప్పగించేటప్పుడు కూడా సాక్షులను పెట్టుకోమన్న ఆజ్ఞ సూరె నిసాలో ఉన్నది. కాగితం, సాక్షి అనేవి మన పెద్దల మీద అపనమ్మకం అనుకొనేవారు ఆ రెండు చోట్లా చూడవచ్చు.

ఆశ్రమ నిర్వాహకుల పేరున వీలునామాలు కూడా వినవస్తుంటాయి. ఇక్కడ మన చట్టం బలమైన గోడ కట్టింది. అంత్యక్రియల ఖర్చులు, అప్పులు పోగా మిగిలిన ఆస్తిలో మూడో వంతుకు మించి వారసులు కానివారికి చేసిన వసీయత్, వారసులు ఒప్పుకుంటే తప్ప చెల్లదు. చావు భయంతో ఉన్న చివరి జబ్బులో, అంటే మర్జుల్ మౌత్‌లో చేసిన హిబాకూ ఆ మూడో వంతు హద్దే. బ్యాంకు నామినీ విషయంలో కూడా అపోహ వద్దు. నామినీ డబ్బు పుచ్చుకొనేవాడే గాని యజమాని కాదు, వారసుల హక్కు అలాగే ఉంటుంది.

సరే, ఏదో జరుగుతున్నదని మీకు అనుమానం వచ్చింది. మొదట చేయకూడనిది చెబుతాను. ఆశ్రమానికి వెళ్ళి కేకలు వేయకండి, కొడుకును మసీదులో నిలదీయకండి. మీరు వెళ్ళిపోయిన తరువాత ఆ రాత్రి ఆమె అక్కడే ఉండాలి, ఆమెకు అన్నం పెట్టేది వారే. ముందు ఆమెతో ఒంటరిగా మాట్లాడండి, ఆమె భాషలో, తొందర లేకుండా. ఒంటరిగా మాట్లాడనివ్వకపోతే అదే ఒక సమాధానం. పాసుపుస్తకం నకలు తీసుకోండి, తేదీలు రాసుకోండి. ఏమి కావాలో ఆమెనే అడగండి. కొందరు డబ్బు తిరిగి కావాలంటారు, కొందరు "ఇకమీదట ఆగితే చాలు, కొడుకు మీద కేసు వద్దు" అంటారు. రెండవదానిని కూడా మన్నించాలి.

ఆగితే చాలు అన్నవారికి బ్యాంకే మొదటి మెట్టు. పాత కార్డు రద్దు చేయించి, ఫోను నంబరు మార్పించవచ్చు. బ్యాంకుకు రాలేని ఖాతాదారు విషయంలో రిజర్వు బ్యాంకు నిబంధనలు ఉన్నాయి. వేలిముద్రను ఇద్దరు సాక్షులు గుర్తించాలి, వారిలో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి. డెబ్భై ఏళ్ళు దాటినవారికి ఇంటి వద్ద సేవలు అందించాలని 2017లో బ్యాంకులకు ఆదేశాలు కూడా ఇచ్చారు. బ్యాంకు ముప్పై రోజులలో జవాబు ఇవ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. జనరల్ పవర్ ఇచ్చి ఉంటే రద్దు పత్రం రిజిస్టర్ చేయించి, దాని ప్రతి బ్యాంకుకూ, ఆ పవర్ పుచ్చుకొన్నవానికీ చేర్చాలి. మనసులో రద్దు చేసుకొంటే ఎవరికీ తెలియదు.

ఆస్తి తిరిగి కావాలన్నా, పోషణ కావాలన్నా ట్రిబ్యునల్ ఉన్నది. దానికి అధ్యక్షులు మన ఆర్డీఓ గారే. మచిలీపట్నం, గుడివాడ, ఉయ్యూరు ఏ డివిజన్ అయితే ఆ కార్యాలయానికి వెళ్ళాలి. వృద్ధులు స్వయంగా వేయవచ్చు, చేతకానివారి తరఫున వారు అధికారమిచ్చిన వ్యక్తి గాని, సంస్థ గాని వేయవచ్చు. ఈ మాటను అంజుమన్‌ల వారు, మసీదు కమిటీల వారు గుర్తుపెట్టుకోవాలి. పిల్లలు లేనివారు తమ ఆస్తికి వారసులు కాబోయే బంధువు మీద పోషణ కోరవచ్చు. పోషణ దరఖాస్తును నోటీసు అందిన నాటి నుండి తొంభై రోజులలో తేల్చాలి, ప్రత్యేక కారణాలుంటే మరో ముప్పై రోజులు. అరవై రోజులలోగా కలెక్టరు వద్ద అప్పీలు చేసుకోవచ్చు. పెద్దలను దిక్కులేకుండా వదిలివేయడం అదే చట్టం కింద మూడు నెలల వరకు జైలుశిక్ష పడదగిన నేరం. నమ్మి అప్పగించిన సొమ్ము కాజేస్తే అది భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద పోలీసు కేసు. లాయరు ఫీజు అని వెనుకాడవద్దు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకి ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. మన జిల్లా న్యాయసేవాధికార సంస్థ మచిలీపట్నం కోర్టు ఆవరణలోనే ఉన్నది. ఫోనులో అడగాలంటే వృద్ధుల సహాయవాణి 14567, న్యాయ సహాయానికి 15100.

కమిటీల వారికి ఒక ప్రతిపాదన చేసి ముగిస్తాను. జకాత్, సదఖా సొమ్ముతో మనం ఆశ్రమాలకు బియ్యం, దుప్పట్లు పంపుతున్నాము. ఇకపై పంపవద్దు, తీసుకొని వెళ్ళండి. నెలకొకసారి, పింఛను ఇచ్చే ఒకటో తేదీ తరువాత రెండు మూడు రోజులలో, ఉర్దూ మాట్లాడే ఇద్దరు స్త్రీలు వెళ్ళి ఒక్కొక్కరి పక్కన పది నిమిషాలు కూర్చోవాలి. ముస్లిములనే కాదు, ఆ వరండాలో ఉన్న హిందూ, క్రైస్తవ పెద్దలను కూడా పలకరించాలి, వారికీ వచ్చేవారు లేరు. చందా ఇచ్చేముందు ఆశ్రమం వారిని రసీదు పుస్తకం, నగల జాబితా చూపమని అడగాలి. మంచి ఆశ్రమాలవారు సంతోషంగా చూపిస్తారు, వారి మీద వచ్చే నిందలకు అదే జవాబు కనుక.

ఆర్డీఓ కార్యాలయానికి ఇచ్చే దరఖాస్తు నమూనా, నగల జాబితా నమూనా, షరతుతో కూడిన దానపత్రంలో రాయవలసిన వాక్యం తెలుగులోను, ఉర్దూలోను కొన్ని ప్రతులు తెచ్చాను. తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి. చదవలేనివారికి చదివి వినిపించడానికి నేను అసర్ నమాజు వరకు ఇక్కడే ఉంటాను.